గోడ మీద ‘లేక’

"ఇద్దరూ మొగగుంటలే. ఓ ఆడగుంటని కనకపోతే నా కూతురి కొడుక్కి పిల్లనెవులిస్తారే?"

"నీ మనవడి పెళ్లికి నాను కడుపు మొయ్యాలేటత్తా? ఆడికింకా పాలపళ్లే ఊడలేదు!"

"మేనరికం వొదులుకుంటావేటే, రాతిగుండెదానా!"

"రెండోడప్పుడు నాను మంచానడితే గెంజి కాసిచ్చినోళ్లెవులు? నువ్వా, నీ కూతురా? మూడోదీ మొగగుంటైతే ఉన్న రెండు వరిమళ్లనీ ముగ్గురికీ సాపలాగ సింపుతావేటి?"

చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, అత్తాకోడళ్లం ఇలా వీధిన పడి అరుచుకుంటున్నప్పుడే విపత్తు సైకిలెక్కి వచ్చింది. దాన్ని ఆపి మంచినీళ్లిచ్చినదాన్ని నేనే. ఎవర్నని ఏం లాభం!

కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాలు గోడలకెక్కుతున్న రోజులవి. సైకిలు మీద వచ్చినవాడు ఆ రాతలు రాసే మనిషి.

"అమ్మా, మీ గోడ మీద రాసుకుంటాను. రాసినంత మేర సున్నం ఏస్తాను."

"ఏటి రాస్తావు?"

"పిల్లల్ని తక్కువ కనమని."

నా నోట్లో పంచదార పోసినట్టయింది. అయినా ఊరికే ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను? "గోడంతా ఏస్తేనే రాయి" అన్నాను. పాపం, వేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవలేక నేను గోడ సాయంతో గెలుద్దామనుకున్నాను.

అతను రాసి వెళ్లిపోయాడు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినది నాకొక్కదానికే, రెండో తరగతి మరి! అత్తనీ, మా ఆయన్నీ, వీధి వీధినీ పిలిచి, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కో మాటా ఏరుతూ గట్టిగా చదివాను.

"ఇద్దరు... లేక... ముగ్గురు... సాలు!"

అత్త బుగ్గన వేలేసుకుంది. "మళ్లీ సదువు!"

మళ్లీ చదివాను, బుద్ధి లేక.

"ఇన్నారేటర్రా! ఇద్దరు లేక ముగ్గురంట! ఇద్దరు కాదు, ముగ్గురుండాలని సర్కారోడే రాయించినాడు. కోడలే సదివింది!"

"అది కాదత్తా, లేక అంటే..."

"లేక అంటే లేకుండా! తిండి లేక పస్తున్నామనమా?"

‘లేక’ అంటే ‘లేదా’ అని కూడా అర్థముందని రెండో తరగతిలో ఎవరు చెప్పారండీ? "ఇద్దరో ముగ్గురో" అని మనుషులు మాట్లాడే మాట రాస్తే ఆ రాసినవాడి సొమ్మేం పోయేది?

"నువ్వైనా సెప్పు బావా!" అని మా ఆయన మీద పడ్డాను.

"నానేటి సెప్తానే, గోడంత అచ్చరాలతో రాసుంటే?" అని మీసం చాటున నవ్వుకున్నాడు. కడుపు నాది, మాట మాత్రం అందరిదీ!

ఆ సాయంత్రమే పొయ్యి మీద చెయ్యి చాచి ఒట్టేసుకున్నాను. అర్థం తెలియని మాటని ప్రాణం పోయినా పైకి చదవను. బంగారు పూత పూస్తామన్నా నా గోడ పరాయివాడికివ్వను. రెండు ఒట్లూ ఈనాటి వరకూ తప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ రాత కప్పెట్టేద్దామని పేడనీళ్ల బకెట్టు ఎత్తాను. రోజూ కళ్లాపి జల్లే పేడే. ఆవేళ మాత్రం ఆ వాసన పడలేదు. గోడకి చెయ్యానించి భళ్లున వాంతి చేసుకున్నాను. అత్త నన్ను చూసింది, గోడని చూసింది, లోపలికెళ్లి ఇంత చింతపండు తెచ్చి నా చేతిలో పెట్టింది.