నెత్తురు పెట్టెలో చప్పుడు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండేది. భూమి కింద పనిచేసేవాడికి చీకటి కొత్తా? బొగ్గుబాయిలో దెయ్యం కనపడిందని ఎవడైనా అంటే, డ్యూటీ ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నాడనే అనుకునేవాణ్ని. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

మా అన్న రాజేశం, నేను ఒకే బాయిలో పనిచేసేవాళ్లం. సెంటినరీ కాలనీలో కంపెనీ ఇచ్చిన పక్కపక్క క్వార్టర్లు. అన్న చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. నిరుడు ఆయనకు ఊపిరితిత్తిలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది, సూదితో ముక్క తీయడం కుదరదన్నారు. గడ్డ నుంచి విడిపోయిన కణాలు రక్తంలో తిరుగుతుంటాయట. వాటి జన్యువులను పరీక్షిస్తే ఏ మందు గోలీ పనిచేస్తుందో తెలుస్తుందట. అందులో ఏమీ దొరక్కపోతే ఇక ఆశ లేనట్టేనని డాక్టరు దాచకుండా చెప్పాడు.

ఒకరోజు పొద్దున గోదావరిఖనిలో రక్తం తీశారు. దాన్ని హైదరాబాద్ ల్యాబుకు చేర్చాలి. నాకు కొరియర్ మీద నమ్మకం లేదు. గొట్టాలున్న థర్మాకోల్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని నేనే బస్సెక్కాను.

పెద్దపల్లి దగ్గర పెట్టెలో టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. బస్సు కుదుపు అనుకున్నాను. రైల్వే గేటు పడి బస్సు ఆగింది, డ్రైవర్ ఇంజను కూడా బంద్ చేశాడు. అప్పుడూ వచ్చింది. పక్క సీటాయన పెట్టెలో కోడిపిల్లలున్నాయా అని అడిగాడు. అంటే వినపడింది నా ఒక్కడికే కాదు.

బాయిలో పైకప్పు కూలి ఎవరైనా అవతల చిక్కుకుంటే, రాయితో ఇనుప పట్టా మీదో పైపు మీదో కొడతారు. విన్నవాడు తిరిగి కొట్టి తీరాలి. మేమున్నాం, తవ్వుతున్నాం అని దానర్థం. జవాబివ్వకుండా పోయేవాణ్ని మాలో ఎవరూ మనిషిగా చూడరు. ఆ అలవాటు కొద్దీ నా చెయ్యి లేచింది. మూత మీద తిరిగి కొట్టాను.

అంతే, లోపలి చప్పుడుకు పిచ్చి పట్టింది. పెట్టె నా ఒళ్లో ఎగిరెగిరి పడింది. రెండు చేతులతో అదిమి పట్టినా తొడలు కమిలిపోయాయి. గేటు లేచేసరికి ఆగింది.

వెంటనే ఫోన్ మోగింది. వదిన ఏడుస్తోంది. ఇంట్లో అన్న ఉన్నట్టుండి లేచి గోడను పిడికిళ్లతో బాదాడట. ఆపబోయిన వదినను గొంతు పట్టి విసిరేస్తే బీరువాకు తగిలి తల పగిలింది. ఇరుగుపొరుగు మీద పడి పట్టుకునేసరికి అన్న వేళ్ల ఎముకలు బయటపడ్డాయి. గోడంతా నెత్తురే.

ల్యాబులో చూస్తే గొట్టాలు భద్రంగానే ఉన్నాయి. పరీక్షలో కావలసిన మార్పు దొరికింది, దానికి గోలీ ఉంది. వదిన తలకు కుట్లతోనే నవ్వింది. బతికిపోయాం అనుకున్నాం.

అన్న గోలీ వేసుకోనన్నాడు. ఆ రోజు గోడనెందుకు కొట్టావని నేను కోపంగా అడిగితే తాపీగా చెప్పాడు.

"ముందుగాల కొట్టింది నేను కాదురా తమ్మీ. గోడ లోపల్నుంచి ఎవలో కొట్టిండ్రు. నేను జవాబిచ్చిన."

బస్సులో జరిగింది అప్పటికి నేనెవరికీ చెప్పలేదు.

గోలీ చేతిలో పెడితే అన్న పక్కకు తోసేశాడు. "లోపలున్నోన్ని ఇడిసిపెట్టి మనం పైకొస్తమారా?" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున వదిన ఆయన కాళ్లు పట్టుకుంటుంది. నేను ఆయన చేతులను నా మోకాళ్ల కింద అదిమి, దవడలు విడదీసి, గోలీ గొంతులోకి తోస్తాను. కరుస్తాడు. నేనూ కొడతాను. తోడబుట్టినవాణ్ని కొట్టే రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

గడ్డ బాగా తగ్గింది, డాక్టరుకు సంతోషం. జబ్బు మెదడుకు పాకలేదట, గోడ చప్పుడు భ్రమేనట. మరి పక్క సీటాయనదీ భ్రమేనా?

నేను జవాబిచ్చింది ఎవరికో ఇప్పటికీ తెలియదు. తవ్వుతున్నామని మాటిచ్చాను. రోజూ పొద్దున ఆ గోలీతో వాణ్ని పూడ్చిపెడుతున్నాను.