పెద్దల వాటా

మైసమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో మామిడిపల్లిలో నాకో దోస్తు ఉండేవాడు. చేతికి గ్లాసు వస్తే చాలు, అది చాయైనా సరే, వేలు ముంచి రెండు చుక్కలు పెద్దల పేరిట నేల మీద చల్లాకే నోట పెట్టుకునేవాడు.

ఆ ఏడు దగ్గర్లోని ద్రాక్షతోటలో వైన్ రుచి చూపించే టూరు పెట్టారు. రుచి చూసి ఉమ్మెయ్యాలని తెలిసి మావాడు ఎగిరి గంతేశాడు. మందు గొంతు దిగనియ్యనని భార్య నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశాడు మరి. తప్పితే ఆమెకే కీడు.

"గొంతు దిగొద్దన్నది గని, నోట్లె పోస్కోవద్దనలే గదరా!" అంటూ నన్ను లాక్కుపోయాడు.

పందిరి కింద నిలబెట్టి, గైడు పిల్ల గ్లాసు తిప్పమంది, వాసన చూడమంది. మావాడు చుక్కలు చల్లాడు.

"అదేంటి సార్?"

"మా తాత వాటా, బిడ్డా."

వెనకున్న సూటువాళ్ళు అదీ పద్ధతేననుకుని వేళ్ళు ముంచి చల్లేశారు!

మావాడు బుగ్గల నిండా వైన్ పట్టి, కళ్ళు మూసుకుని, ఎంతసేపటికో బకెట్లో ఉమ్మాడు. తర్వాత వచ్చిన గ్లాసులన్నీ నేల మీద కుమ్మరించాడు.

"ఏందిరా, గంత పోస్తున్నవ్?"

"మా పెద్దలు మస్తుమందిరా!"

ఇగ నేను కల్పించింది ఒక్కటే, ఆ ఉమ్మడం. నిజానికి గుటుక్కున మింగేశాడు. మింగి తెల్లమొహం వేసి, "తాతా, మా ఇంటిదాన్ని జర చూస్కో" అంటూ మిగతాదంతా లంచంగా పోశాడు.

తాత పుచ్చుకున్నట్టే ఉన్నాడు. వదిన ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది.