ఆక్టోపస్‌కు గుండెలెన్ని?

ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ మనిషి నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట ఒక్కటే: "తెలుసా?" ఎదుటివాళ్ళు తెలుసన్నా చెప్పేవాడు, తెలియదన్నా చెప్పేవాడు, "నాకు పనుంది బాబూ" అన్నా వెంటపడి చెప్పేవాడు. దాంతో ఊరంతా అతన్ని తెలుసాగారు అనేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పనిమంతుడే. చెవి ఆనించి రోగం పట్టేసేవాడు. చిక్కల్లా తలుపు తెరిచాకే.

"తెలుసా అమ్మా? తేనెకి ఫ్రిజ్ అక్కర్లేదు. మూత బిగించి ఉంచితే ఏళ్ళ తరబడి చెడదు. తెలుసా? అరటిపండు బెర్రీ జాతిది. పేరులో బెర్రీ పెట్టుకున్న స్ట్రాబెర్రీ మాత్రం కాదు!"

"ముందు ఆ తలుపు ముయ్యి నాయనా, ఐసు కరుగుతోంది!"

మూసేవాడు కాదు. విషయం సగంలో ఉంది మరి. చల్లబడాల్సిన ఫ్రిజ్ వేడెక్కేది, ఇంటావిడ అంతకన్నా వేడెక్కేది.

అయితే ఒక్క మాట. అతను తప్పు మాత్రం చెప్పేవాడు కాదు. ఒకసారెప్పుడో జిరాఫీ మెడలో ఎనిమిది ఎముకలని ఎవరింట్లోనో నోరు జారాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి, జోరువానలో ఊరి ఆ చివరికి సైకిలు తొక్కి, తలుపు కొట్టాడు. "ఏడేనమ్మా! మనకెన్నో దానికీ అన్నే!" ఆవిడ పాపం ఫ్రిజ్‌కి కొత్త రోగమేదో చెబుతాడనుకుని గుండె పట్టుకుంది.

ఇతని బాధితుల్లో అందరికన్నా సీనియర్ వదినగారు. ఆవిడ కాపురానికొచ్చిన మొదటిరోజే కాఫీ అందుకుంటూ అడిగాడు:

"వదినా, ఆక్టోపస్‌కి మూడు గుండెలు, తెలుసా? మా అన్నయ్యకి ఉన్నది ఒక్కటే. జాగ్రత్తగా చూసుకో."

"ఆ ఒక్కటైనా ఉందో లేదో చూడనీ ముందు" అంది కొత్తకోడలు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది.

అన్నగారు సైన్సు మాస్టారు. తమ్ముడి మాటల్లో తప్పు పట్టడమే ఆయనకు సాయంత్రపు కాలక్షేపం. "ఒరేయ్, ఎక్కడ చదివావురా అది?" అని మొదలయ్యేది. తప్పు దొరక్కపోతే ఆయనకు నిద్రపట్టేది కాదు. చాలా రోజులు నిద్రపట్టలేదు.

అలాంటి మాస్టారికి ఒక ఉదయం పక్షవాతం వచ్చి నోరు ఓ పక్కకి లాగేసింది, ఓ చెయ్యి పడిపోయింది. చెయ్యి తొందరగానే స్వాధీనంలోకి వచ్చింది గానీ మాట తడబడింది. "మాట్లాడుతూ ఉంటేనే మాట తిరిగొస్తుంది. ఊరుకుంటే ఉన్నది కూడా పోతుంది" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ జీవితమంతా నల్లబల్ల ముందు గడగడా పాఠాలు చెప్పిన మనిషి నత్తినత్తిగా మాట్లాడతాడా? నోటికి తాళం వేసుకున్నాడు. నీళ్ళకు తల ఊపడం, ఫ్యానుకు వేలు చూపడం. వదినగారు బతిమాలింది, అలిగింది, ఆ సైగలు కనపడనట్టు కూడా నటించింది. ఆయన కాగితం మీద 'కళ్ళ డాక్టరుకి చూపించుకో' అని రాసిచ్చాడు.

అప్పుడు మొదలుపెట్టాడు తెలుసాగారు, సాయంత్రమయ్యేసరికి ఫ్రిజ్ వంకతో రావడం.

"వదినా, మీ ఫ్రిజ్ శబ్దం తేడాగా ఉంది."

"నాకేం వినపడట్లేదే?"

"అదే ప్రమాదం."

ఫ్రిజ్ హాల్లోనే, మాస్టారి పడక్కుర్చీకి ఎదురుగా ఉండేది. తలుపు బార్లా తెరిచి, లోపలికి తల దూర్చి అన్నాడు: "తెలుసా? సాలీడుకి ఆరు కాళ్ళు."

మాస్టారి కనుబొమ్మ లేచింది.

మర్నాడు: "తెలుసా? తిమింగలం ఎంత పెద్దదైనా చేపే కదా!"

పేపరు టపటపలాడింది. కుర్చీ కిర్రుమంది. పెదవి కదిలింది, ఆగింది. వదినగారికి ఒళ్ళు మండిపోయింది. మనిషి బాగోలేనప్పుడు ఇదేం వాగుడు! రేపు గుమ్మంలోనే ఆపెయ్యాలనుకుంది. ఆపేలోగానే మర్నాడు అతను లోపలికొచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచాడు.

"తెలుసా వదినా? ఆక్టోపస్‌కి రెండే గుండెలు."

వంటింట్లో ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. రెండా? కాపురానికొచ్చిన రోజు నుంచీ మూడే కదా!

"మూ... మూ..." హాల్లోంచి వినిపించింది. "మూ... మూడురా!"

తెలుసాగారు వెనక్కి తిరగలేదు. "రెండేలే అన్నయ్యా. నువ్వు చదివి చాలా కాలమైంది."

"మూడు! రెం... రెండు మొప్పలకి! ఒ... ఒకటి ఒంటికి! వె... వెధవా!"

వదినగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మరిదిని వంటింట్లోకి లాగింది. "జిరాఫీ ఎముక ఒకటి ఎక్కువ చెప్పానని వానలో సైకిలు తొక్కినవాడివి! ఇన్ని తప్పులు ఎలా చెప్పగలిగావయ్యా?"

"తప్పు చెప్పడం ఎంత కష్టమో తెలుసా వదినా?" అన్నాడు దీనంగా. "అద్దం ముందు సాధన చేశాను. సాలీడు దగ్గరే మూడుసార్లు ఎనిమిదొచ్చేసింది. రేపు గబ్బిలం పక్షి అనాలి. ఇప్పట్నించే సాధన మొదలెట్టాలి."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. అంతలో హాల్లోంచి, ఒక్క తడబాటు లేకుండా, తరగతి గది అద్దాలు అదిరే పాత గొంతు:

"ఒరేయ్! ముందు ఆ తలుపు ముయ్యరా!"

తెలుసాగారు పరిగెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెప్పగానే ఫ్రిజ్ తలుపు మూశాడు.

ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ మెల్లగా తెరిచాడు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది.