గుంటలో పచ్చ ముద్ద

మా ల్యాబ్‌లో అందరికీ ఆమె పిన్నే. ఆమెకంటే పదేళ్లు పెద్దవారైన ప్రొఫెసర్‌గారు కూడా పిన్నీ అనే పిలుస్తారు. ప్రోటీన్ స్ఫటికాలు పెంచడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే చల్లటి గది, అదే మైక్రోస్కోపు. స్ఫటికం మొండికేస్తే, ఇంట్లో పిల్లి రాల్చిన మీసం వెంట్రుకను పాత స్ఫటికానికి తాకించి, కొత్త ప్రోటీన్ ద్రావణం చుక్కలో ఒక గీత గీస్తుంది. రెండ్రోజుల్లో ఆ గీత పొడవునా స్ఫటికాలు మొలుస్తాయి. అదే వెంట్రుకతో నేను గీస్తే ఒక్కటీ మొలవదు. ఈ విషయంలో నాకు ఎప్పుడూ ఒళ్లుమంటే.

ఇక నా గొడవ. ఒక ప్రోటీన్ మధ్యలో చిన్న గుంట ఉంది. మేం తయారుచేసిన మందు వెళ్లి ఆ గుంటలో కూర్చుంటుందని చూపిస్తేనే నాకు డాక్టరేట్. స్ఫటికాన్ని మందులో నానబెట్టి ఎక్స్‌రేలు పంపితే, ఎలక్ట్రాన్లు ఎక్కడ గుమిగూడాయో కంప్యూటర్ వలలా గీసి చూపిస్తుంది. ఆ వలలో పరమాణువులను అమర్చుకుంటూ పోవాలి. ఏ పరమాణువుదో తేలకుండా మిగిలిపోయినదాన్ని పచ్చరంగులో చూపిస్తుంది. సరిగ్గా నా గుంటలో అలాంటి పచ్చ ముద్ద కనిపించేసరికి ఎగిరి గంతేశాను.

అందులో మందును పెట్టాను. సగం బయటికి పొడుచుకొచ్చింది. తిప్పాను, వంచాను, మూడు నెలలపాటు నయానా భయానా నచ్చజెప్పాను. చివరికి 'ఆ సగం కదులుతోంది కాబట్టి కనిపించడం లేదు' అని రాసేసుకున్నాను. సోమవారం పేపర్ పంపాలి.

శుక్రవారం పిన్ని నా భుజం మీదుగా తొంగిచూసింది.

"నీ మందుకి రెండు రింగులుంటాయి కదమ్మా. దీనికి మూడు కొమ్ములున్నాయేంటి?"

"కంప్యూటర్లో అలాగే ఉంటుంది పిన్నీ," అని కసిరాను.

ఆమె వెళ్లి తన నోట్‌బుక్ తెచ్చింది. ద్రావణం పులుపు మారకుండా మామూలుగా వాడే బఫర్ పొడి అయిపోతే, నా స్ఫటికాలు పెంచిన వారం దానికి బదులు సిట్రేట్ కలిపిందట. నిమ్మపులుపు నుంచి వచ్చేదే అది. స్ఫటికాలు మునుపటికంటే పెద్దవి వచ్చాయి. నేనేమో సంబరంగా పట్టుకెళ్లాను.

ముద్దలో సిట్రేట్ పెట్టి చూశాను. మూడు కొమ్ములూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. పచ్చరంగు మాయమైంది. దాంతోపాటు నా డాక్టరేట్ కూడా.

"ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది? మూడు నెలల కష్టం మట్టిపాలైంది," అని అరిచాను.

"నాదే పొరపాటమ్మా. నోటితో కూడా చెప్పాల్సింది. ఆ పుస్తకం ఇలా ఇవ్వు, సార్‌కి నేనే చెప్తాను."

ఇవ్వలేదు. విసురుగా ప్రొఫెసర్‌గారి గదికి వెళ్లి బల్లమీద పెట్టాను. వెనకాలే పిన్ని. ఆయన పేజీ చదివి, కళ్లజోడు తీసి నాకేసి చూశారు.

"బఫర్ మారిందని ఎర్ర సిరాతో రాసుంది. కింద 'చదివాను' అని సంతకం ఎవరిదమ్మా?"

నాదే. ఏ రోజు పేజీ ఆ రోజే చదివి సంతకం పెట్టాలన్నది మా ల్యాబ్ పద్ధతి. పెద్ద స్ఫటికాలు చూసిన సంబరంలో చదవకుండానే గీకేశాను. పిన్నికి ఆ సంగతి తెలుసు. అందుకే పుస్తకం వెనక్కిమ్మంది, నేను తిడుతున్నంతసేపూ తిట్లు తింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మందు కూర్చోవాల్సిన చోట సిట్రేట్ తిష్ఠ వేసింది. మందు మాత్రం ఎక్కడ కూర్చుంటుంది పాపం," అని ప్రొఫెసర్‌గారు నవ్వారు. "పేపర్ ఆపు. పిన్నీ, పాత బఫర్‌తో మళ్లీ పెంచగలవా?"

"పొడి వచ్చేసింది సార్. ఇవాళే పెడతాను."

మూడు వారాలకు కొత్త స్ఫటికాలు వచ్చాయి. చిన్నవే. మందులో నానబెట్టి, ఎక్స్‌రేలు పంపి, కంప్యూటర్ ముందు పిన్నిని పక్కనే కూర్చోబెట్టుకున్నాను. గుంటలో పచ్చ ముద్ద, ఈసారి వేరే ఆకారం. మందు పెట్టాను. ఎక్కడా పొడుచుకురాలేదు.

"కొమ్ముల్లేవు. రెండు రింగులూ ఉన్నాయి," అంది పిన్ని.

ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. "ఆ రోజు అంతలేసి మాటలన్నాను, క్షమించు పిన్నీ."

"ముందు ముక్కు తుడుచుకో. కీబోర్డు తడుస్తోంది."

తర్వాత నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. ఆ పూట రాసిన పేజీ మొత్తం నాచేత పైకి చదివించుకుంది. అప్పుడుగానీ పెన్ను చేతికివ్వలేదు.