తిరగేసిన కాలరు

మా చిన్నత్త యాభై రెండో ఏట దర్జీ దుకాణంలో పనికి చేరింది. ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా మిషను తొక్కిన మనిషి కదా, వెళ్లీ వెళ్లగానే చేతికి కొత్త గుడ్డ ఇస్తారనుకుంది. మాస్టరు మాత్రం మెడ దగ్గర అరిగిపోయిన తన పాత చొక్కా ఆవిడ ముందు పెట్టి, “గుడ్డ తెగకుండా కాలరు విప్పమ్మా. ఇక్కడ ఎవరు చేరినా మొదటి పని ఇదే” అన్నాడు. మనిషి ఓపిక కుట్టేటప్పుడు కాదు, విప్పేటప్పుడే బయటపడుతుందని ఆయన నమ్మకం.

అత్తకి ఒళ్లు మండింది. అయినా కిటికీ పక్కన కూర్చుని ఒక్కో కుట్టూ సూదిమొనతో లేపింది. గంటలో కాలరు ఊడి చేతిలోకి వచ్చింది. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగితే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది! మామయ్య చొక్కాలకి చేసి చేసి అలవాటైన చేతులు ఊరుకోలేదు. అరిగిన వైపు లోపలికి పోయేలా కాలరు తిరగేసి, మళ్లీ కుట్టేసింది.

“విప్పమన్నాను గానీ కుట్టమన్నానా?” అన్నాడు మాస్టరు.

అత్త నాలుక కరుచుకుంది. ఇక ఉద్యోగం హుళక్కే అనుకుంది.

మర్నాడు మాస్టరు అదే చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక కొత్త గుడ్డ, టేపు ఆవిడ మిషను మీద పెట్టి వెళ్లిపోయాడు.

“పొంగిపోయావా అత్తా?” అని సాయంత్రం అడిగాను.

“పొంగడమా! ఇస్త్రీ లేకుండా వేసుకొచ్చాడే. పైగా రెండో గుండీ వేలాడుతోంది. రేపు పొద్దున్నే ముందు దాని సంగతి చూడాలి.”