నన్ను బొంబాయికి పంపిన నంబరు

మా అక్క మొగుడికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఉన్నా ఆయన ఒప్పుకోడు. తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో కొత్తగా తెరిచిన నెట్ షాపులో పనికి కుదిరాక ఇక మా బావను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

అప్పుడు నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చదువుతున్నాను. మాది కల్వకుర్తి దగ్గర పల్లె, గొర్రెలు కాచుకునే ఇల్లు. ఆడపిల్లను ఒక్కదాన్నే అంత దూరం పంపడానికి అమ్మ ససేమిరా అంటే, బాపు బతిమాలి బామాలి ఒప్పించాడు. "ఒక్క తప్పు మాట నా చెవున పడ్డా పిల్లను ఇంటికి తోల్కరావాలె" అన్నది అమ్మ పెట్టిన షరతు.

మెయిల్ పంపడం నేర్పిన రోజున సంబరం పట్టలేక మొదటి మెయిల్ బావకే పంపాను. ఆయన చదివి ఊరుకుంటే బాగుండేది. మెయిల్ ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో చెప్పే నంబరు ఒకటి దాని వెనక ఉంటుంది. దాన్ని ఓ వెబ్‌సైట్‌లో వెతికితే 'ముంబై' అని వచ్చింది. వెంటనే మా ఊరికి ఫోన్ చేశాడు.

"మరదలు నల్లగొండల లేదత్తమ్మా, బొంబాయిల ఉన్నది. కంప్యూటరే చెప్తాంది."

మర్నాడు క్లాసులో ఉండగా గుమ్మంలో బాపు కనిపించాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, బస్సు దుమ్మంతా మొహం మీదే ఉంది. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఉన్నవా బిడ్డా?"

"ఏడికి పోత బాపూ?"

"బొంబాయికి పోయినవట గదా."

నాకు నవ్వు ఆగలేదు. బాపు మాత్రం నవ్వలేదు. "మీ అమ్మ నిన్ను తోల్కరమ్మన్నది" అన్నాడు నేల చూస్తూ. నా నవ్వు ఆగిపోయింది.

మా సారు సంగతి విని అసలు కిటుకు చెప్పాడు. ఆ నంబర్లన్నీ నెట్ ఇచ్చే కంపెనీవి. కంపెనీ పెద్దాఫీసు ఉన్నది బొంబాయిలో. వెబ్‌సైట్‌కు తెలిసింది ఆ ఆఫీసు అడ్రసే తప్ప, నంబరు వాడుతున్న మనిషి జాడ కాదు. ఇదంతా బాపుకు ఎట్లా ఎక్కించను? మా గొర్రెలే అక్కరకొచ్చాయి. ఎవరి మందో తెలియడానికి మా దగ్గర గొర్రెల వెన్ను మీద రంగు పూస్తారు. మాది ఎర్ర పట్టె.

"బాపూ, గా ఎండకాలం బేరగాడొచ్చింది యాదికున్నదా?"

ఎందుకు లేదు? ఏదో అంగడిలో ఎర్ర పట్టె గొర్రెలను చూసి ముచ్చటపడి, అవి ఎవరివో కనుక్కుని, ఆ బేరగాడు మా ఇంటికే వచ్చాడు. మంద మేత కోసం కృష్ణ ఒడ్డుకు పోయి అప్పటికే చాలా రోజులైంది. ఖాళీ దొడ్డి చూసి, గొర్రెలను ఎక్కడ దాచావని అమ్మతో పెద్ద లొల్లి పెట్టుకున్నాడు.

"రంగు చూస్తే ఎవరి గొర్రెనో తెలుస్తది. ఏడ మేస్తాందో తెలుస్తదా?" అన్నాను.

బాపు ఒక్క క్షణం ఆలోచించి, క్లాసంతా తిరిగి చూసేలా పగలబడి నవ్వాడు.

"అంటే మీ బావ ఉత్త దొడ్డికాడికొచ్చి లొల్లి పెట్టిండన్నట్టు."

ఆ నవ్వు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. బాపు కట్టె గోడకు ఆనించి, కంప్యూటర్ ముందు నా పక్కన కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. బావకు మెయిల్ రాయమన్నాడు. తాను చెబుతుంటే నేను టైపు చేశాను.

"అల్లుడూ, నేను బొంబాయిల కూసోని రాస్తున్న. పిల్ల నా పక్కనే ఉన్నది."

"ఇంకేం రాయాలె బాపూ?"

బాపు గోడకు ఆనించిన కట్టె అందుకున్నాడు.

"మీ అత్తకు చెప్పు. నేను ఒక్కన్నే ఇంటికొస్తున్న."