చాయ్ తాగే గద్దె

మా క్వార్టర్ వెనక ఒక సిమెంటు గద్దె ఉంది. ఉంది అంటే, నేను మొదలుపెట్టి సగంలో వదిలేసింది. పైన నున్నగా చేయలేదు, పక్కల ఇటుకలు పళ్లికిలిస్తూ ఉండేవి, నడుమ ఒక ఇనుప పైపు నిలబడి ఉండేది. దాని మీద రేకు వేసి నీడ చేద్దామనుకున్నాను. రేకు రాలేదు, పైపుకు తుప్పు వచ్చింది. బొగ్గుబాయిలో కప్పు కూలకుండా సపోర్టులు పెట్టడమే నా డ్యూటీ.

"కప్పే లేని కాడ సపోర్టు వెట్టినోన్ని నిన్నే చూసిన" అనేది నా భార్య.

ఆమె కోపం వెనక వాళ్ల అక్క ఉంది. శ్రీరాంపూర్‌లో ఉండే మా వదిన ఇంటి వెనక టైల్సు పరిచిన గద్దె, దాని మీద ఊగే కుర్చీ ఉన్నాయి. పోయినసారి వెళ్తే చెల్లెల్ని అందులో కూర్చోబెట్టి, "జర ఊగు చెల్లే, మీ ఇంటెనుక మురికి మోరి తప్ప ఏమున్నది" అంది. ఇంటికొచ్చాక కూడా ఆ ఊగుడు ఆగలేదు. ఆదివారం వస్తున్నానని వదిన ఫోన్ చేయగానే తీర్పు వెలువడింది.

"మా అక్క ఆ గద్దె మీద కూసొని చాయ్ తాగాలె. బాగున్నదని నోటితోని అనాలె. లేకుంటే నీ పక్క ఆ పైపు కాడనే ఏస్త."

నేను బడి తొందరగానే మానేశాను గానీ, ఇలాంటి వాక్యాలకు అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఇటుకలకు సిమెంటు పూశాను. తెల్లరంగు మా దగ్గర దండగ. పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయిందంటే సాయంత్రానికి తెల్లకోడి కూడా నల్లకోడే. అందుకని మా బావ ఆటోకు వేయగా మిగిలిన పసుపు రంగు తెచ్చి గద్దెకంతా కొట్టాను. గచ్చుకు వేసే ఎర్రరంగుతో అంచు దిద్దాను. తుప్పు కనబడకుండా పైపు చుట్టూ వెదురుబద్దలు కట్టాను. నా భార్య చుట్టూ ముగ్గు వేసి, సంతోషం పట్టలేక గోడ అవతలి అవ్వతో చెప్పింది.

"అవ్వా, గద్దె అయింది. రేపు మా అక్క గద్దె మీదికొస్తది."

అవ్వకు చెవులు సగమే పనిచేస్తాయి. మిగతా సగం ఆమే పూరించుకుంటుంది. 'మా అక్క' ఆమె చెవిలో 'సమ్మక్క' అయింది. తప్పు ఆమెది కాదు. పసుపు గద్దె, ఎర్ర అంచు, నడుమ వెదురు, అచ్చం సమ్మక్క జాతర గద్దెలాగే. జాతరలో తల్లి గద్దెకొస్తుందనే కదా మేమందరం అనేది.

మరుసటి రోజు నేను బస్టాండుకు పోయి వదినను బండి మీద తీసుకొచ్చేసరికి గద్దె మీద ఊదుబత్తులు, కొట్టిన కొబ్బరికాయ, ఇంత పెద్ద బెల్లం ముద్ద. పక్కన అవ్వ చేతులు జోడించి నిలబడి ఉంది.

"ముందుగాల్నే చెప్పద్దా కొడుకా, తల్లి మీ ఇంటికొస్తదని? ఇంట్ల ఉన్నంత బంగారం వెట్టిన." జాతరలో బెల్లం పేరు బంగారమే.

"అవ్వా, గది చాయ్ తాగే గద్దె."

"తల్లి చాయ్ తాగుతదారా?"

ఈలోగా వదిన చెప్పులు విడిచి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది. కళ్లు మూసుకుని దండం పెడుతూ, "మస్తుగున్నది చెల్లే" అంది. నా భార్య కోరుకున్న మాటే. కానీ అది ఆమె ఖాతాలో పడలేదు, నేరుగా తల్లికి పోయింది.

"కూసో అక్కా, చాయ్ తెచ్చిన."

"గద్దె మీద కూసుంటరా ఎవలన్న? కండ్లు పోతయి."

చాయ్ మీద మీగడ కట్టింది. నా భార్య ఒకసారి నన్ను, ఒకసారి పైపును చూసింది. తర్వాత అవ్వ దగ్గరికి వెళ్లి, ఈసారి చెవి దగ్గరే అడిగింది.

"అవ్వా, జాతర అయినంక తల్లిని మళ్ల అడవిలకు సాగనంపుతరు గద. ఇప్పుడే పంపరాదు?"

"అచ్చిన్నాడే పోతదా బిడ్డ?"

"మా అక్కకు మాపటికి బస్సున్నదే."

"ఏ అక్క?"

నా భార్య వేలితో చూపించింది. అవ్వ వదినను కాళ్ల నుంచి నెత్తి దాకా చూసింది. సంగతి అర్థమైంది గానీ, పెట్టిన దండం వెనక్కి తీసుకునే మనిషి కాదు. మాకు దగ్గర్లో ఉన్న అడవల్లా ఓపెన్‌కాస్ట్‌లో తవ్విపోసిన మట్టిగుట్ట మీద నాటిన చెట్లే. అటు తిరిగి, "పోయిరా తల్లీ, ఈళ్లకు చాయ్ సల్లారుతున్నదట" అని మొక్కి, అందరికంటే ముందు తనే గద్దెక్కి కూర్చుంది.

"ఇగ కూసోండ్రి. చాయ్ల ఆ బంగారమే ఎయ్యి."

వదిన భయంభయంగా అంచు మీద కూర్చుంది. రెండో గ్లాసుకు వెదురు దాకా జరిగింది. మూడో గ్లాసు తాగుతూ ఆ వెదురుకే ఆనుకుని కాళ్లు చాపింది. లేచేముందు నన్ను పిలిచి మెల్లగా అడిగింది.

"మరిదీ, మా గద్దె నడుమ గూడ గిట్లాంటిదొకటి పాతరాదు?"

నేను నోరు తెరిచేలోపే నా భార్య ఖాళీ గ్లాసు అందుకుంటూ, ఎంతో బాధగా అంది: "టైల్సు పలుగుతయి అక్కా."

రేకు సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.